నాక్షస్ అంటే ఘాటు

పిల్లలకు ఇంగ్లీషు చెప్పి బతికినదాన్ని. రిటైరై ఇంట్లో కూర్చున్నా ఒక అలవాటు పోలేదు. ఎవరైనా ఏదైనా ఇంగ్లీషు మాటకు అర్థం అడిగితే వెంటనే చెప్పను. ఎక్కడ చదివావు, ఎవరన్నారు, ఎవర్ని అన్నారు, అన్నవాడు నవ్వుతూ అన్నాడా అని ఆరా తీస్తాను. మా మనవరాలికి ఒళ్లు మండుతుంది. "మీనింగ్ చెప్పమంటే పోలీసులా అడుగుతావేంటి అమ్మమ్మా" అంటుంది. అడుగుతాను మరి. ఒక మాటకు సగం అర్థం నమ్మి, ఒక మనిషి నోటి దగ్గర కూడు లాగేసినదాన్ని నేను.

ఆ మాట నాక్షస్. ఇప్పుడు నిఘంటువు తీస్తే హానికరమైనది, ఒంటికి చెరుపు చేసేది అని ఉంటుంది. ఫ్యాక్టరీ గొట్టంలోంచి వచ్చే విషవాయువుకు వాడతారు. పశువులు తింటే చచ్చే కలుపుమొక్కకు వాడతారు. ఇళ్ల మధ్య ఉండకూడని వ్యాపారాలకు, అంటే తోళ్లు నానబెట్టడం, ఎముకలు ఉడకబెట్టడం లాంటివాటికి, సర్కారు కాయితాల్లో వాడతారు. మనిషిని తిట్టాలంటే మాత్రం ముందు 'ఆబ్' తగిలించి ఆబ్‌నాక్షస్ అనాలి. అప్పుడు హాని పోయి వెగటు మిగులుతుంది. ఇదంతా ఇప్పుడు గడగడా చెబుతున్నాను గాని, పదకొండేళ్ల వయసులో నాకు తెలిసిన అర్థం ఒక్కటే. నాక్షస్ అంటే ఘాటు.

నేర్పింది మా నాన్న. మాది గుంటూరు వైపు కుటుంబం. నాన్నకు సికింద్రాబాదులో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, అమ్మ ఒక చిన్న మిషన్ స్కూల్లో టీచరు. బొల్లారంలో వరసగా ఉన్న పెంకుటిళ్లలో ఒకదాంట్లో అద్దెకుండేవాళ్లం. గుమ్మం పక్కన మేకుకు ఒక పలక వేలాడుతుండేది. రోజూ ఆఫీసుకు బయలుదేరే ముందు నాన్న దానిమీద ఒక ఇంగ్లీషు మాట రాసేవాడు. సాయంత్రం ఆయన వచ్చేలోగా నేను ఆ మాటను మూడుసార్లు వాడాలి, ఎవరితో వాడానో చెప్పాలి. వీధిలో ఎవరికి ఇంగ్లీషు కాయితం వచ్చినా మా గుమ్మంలోకే వచ్చేవాళ్లు. టెలిగ్రాం వస్తే, ఏడవాలో నవ్వాలో ముందు నాన్న తేల్చాలి. ఆ మర్యాద అంటే ఆయనకు ప్రాణం. ఆయన డిక్షనరీ మాత్రం ఫుట్‌పాత్ మీద కొన్న పాతది. మధ్యలో కుట్టు తెగి ఎన్, ఓ అక్షరాల కాయితాలు ఎప్పుడో రాలిపోయాయి. ఆ సంగతి మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

ఒకరోజు మధ్యాహ్నం నాన్న అన్నం డబ్బా మూత తీసే సమయానికి, కొత్తగా బదిలీ మీద వచ్చిన పెద్ద ఆఫీసరు ఆ గదిలోకి వచ్చాడట. డబ్బాలో అమ్మ చేసిన ఎండురొయ్యల కారప్పొడి ఉంది. ఆఫీసరు ముక్కు మీద చెయ్యి పెట్టుకుని, నవ్వుతూ, "వాట్ ఎ నాక్షస్ స్మెల్!" అన్నాడట. గదిలో అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట అమ్మకు, నాకు వినిపించాడు. "ముక్కు పట్టుకున్నాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి, మొహంలో నవ్వుంది. ఇంకేముంటుంది అర్థం? ఘాటు!" అని తేల్చేశాడు. అమ్మ మొహం వెలిగిపోయింది. "పాపం, పెళ్లాంబిడ్డల్ని వదిలి ఒంటరిగా వచ్చాడన్నారుగా. ఒక సీసా ఇచ్చి రాకూడదూ" అంది. మర్నాడు నాన్న ఒక గాజు సీసా నిండా ఆ పొడి పట్టుకెళ్లి ఆఫీసరు బల్లమీద పెట్టి వచ్చాడు. ఆ సీసా తిరిగి రాలేదు. తిరిగి రాలేదు కాబట్టి బాగా నచ్చిందనే అనుకున్నాం. ఆ రోజు పలక మీద రాసిన మాట కూడా అదే.

నేను ఆ మాటను మొదట వాడింది గిర్నీ పెద్దమ్మ దగ్గర.

మా ఇంటికి రెండిళ్ల అవతల కారం పట్టే గిర్నీ ఉండేది. పిండిమరను అక్కడ గిర్నీ అంటారు. దాన్ని నడిపే ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఇంటి ముందుగదిలో మోటారు, దానికో తోలుబెల్టు, మిరపకాయలు పోసే రేకు గరాటు, ఇవే ఆమె ఆస్తి. ముక్కుకు, నోటికి కలిపి పాత చీర ముక్క కట్టుకుని పొద్దుటినుంచి దానిముందే నిలబడేది. ఎండాకాలం వస్తే ఆవకాయల కోసం వీధంతా డబ్బాలతో అక్కడే.

కారం గిర్నీ దగ్గర ఎవరూ ఎవర్నీ నమ్మరు. తమ మిరపకాయలు గరాటులో పడేదాకా, పొడి మొత్తం డబ్బాలోకి వచ్చేదాకా, తుమ్ముకుంటూ అక్కడే నిలబడతారు. ముందువాళ్ల నాసిరకం పొడి తమదాంట్లో కలిసిందేమోనని ఒకరికి అనుమానం. మిషన్ అడుగున గుప్పెడు మిగుల్చుకుంటుందేమోనని ఇంకొకరికి. పెద్దమ్మకూ తక్కువేం లేదు. ప్రతివాళ్ల మిరపకాయనూ విరిచి చూసి, "తడుపుకొని తెచ్చినవా ఏంది? జెర ఎండలేసి తేపో" అనేది. నా మీద మాత్రం ఆమెకు ఎందుకో గురి. నేను నిలబడి చూడకుండా డబ్బా ఇచ్చేసి ఆడుకోవడానికి పోయేదాన్ని, అందుకేనేమో.

ఆఫీసరు మాట చెప్పగానే ఆమె మోటారు ఆపేసింది. మా రొయ్యల పొడిలో పడే కారం ఆమె పట్టిందే కదా.

"ఏమన్నడు? మల్ల చెప్పు."

"నాక్షస్, పెద్దమ్మా. అంటే ఘాటు."

"దొర సుత మెచ్చిండా మన కారం!" అని మూతికి కట్టిన గుడ్డ కిందికి లాగి పకపకా నవ్వింది. ఆ తర్వాత ఎవరు డబ్బా తెచ్చినా, "మామూలుగ పట్టాల్నా, నాక్షస్ జెయ్యాల్నా?" అని అడిగేది. కొన్నాళ్లు వీధంతా ఆ మాటే. మాట మా ఇంట్లోంచి వెళ్లిందని నాకు ఎంత గర్వంగా ఉండేదో.

ఆ వేసవిలో నాన్నకు దగ్గు పట్టుకుంది. గిర్నీ నడిచినంతసేపూ కిటికీ మూసుకుని దగ్గేవాడు. ఒకసారి ఆమె గుమ్మం ముందునుంచి సైకిల్ మీద పోతూ, "ఈ గిర్నీ నన్ను మింగేదాకా వదిలేట్టు లేదమ్మా" అన్నాడు. ఆయన సరదాగా అన్న మాటే, కాని ఆమె నవ్వలేదు. నాన్న వెళ్లినవైపే చూస్తూ నిలబడింది.

సరిగ్గా ఆ వారంలోనే ఆమె గిర్నీ అనుమతి కాయితం కొత్తగా రాయించుకోవాల్సి వచ్చింది. ఫారం అంతా ఇంగ్లీషు. మామూలుగా అయితే నాన్న దగ్గరికి రావాలి. ఆమె నన్ను పిలిచి, తలుపు దగ్గరగా వేసి, ఫారం నా ముందు పెట్టింది.

"మీ నాయనకు చెప్పకు బిడ్డ. ఆయనకు నా గిర్నీ మీద కోపమున్నది, ఏం రాస్తడో ఏమో. నీకు ఇంగ్లీష్ వస్తదా?"

"వస్తుంది పెద్దమ్మా" అన్నాను.

నా దగ్గర ఒక పెన్ను ఉండేది. సండే స్కూల్లో పది ఆజ్ఞలూ తడుముకోకుండా అప్పజెప్పినందుకు బహుమతిగా ఇచ్చారు. దానిలో ఊదారంగు సిరా పోసుకునేదాన్ని. వీధిలో ఆ రంగు సిరా ఇంకెవరి దగ్గరా లేదు. ఆ పెన్నుతో గళ్లు నింపుతూ పోయాను. పేరు, ఇంటి నంబరు, మోటారు ఎంత బలమైనది, ఎన్నేళ్లనుంచి నడుపుతోంది, అన్నీ రాశాను. పేజీ అడుగున ఒక గడి దగ్గర నా గుండె సంతోషంతో ఎగిరింది. నాకు తెలిసిన మాట! ఈ వ్యాపారం నాక్షసా, అని అడుగుతున్నారు.

"పెద్దమ్మా, నాక్షస్ అవునా కాదా అని అడిగారు!"

ఆమె కళ్లు పెద్దవి చేసింది. "గీళ్లకు సుత తెలిసిందా? మరి కాదా? బొల్లారంల నా కారమంత ఘాటు ఎవరిది? అవునని రాయి."

నేను 'యస్' అని రాశాను. అది చాలదనిపించి పక్కన 'వెరీ నాక్షస్' అని కూడా రాశాను. కింద ఆమె తెలుగులో కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. నా గౌను జేబులో గుప్పెడు పుట్నాలు, బెల్లంముక్క పోసింది. సాయంత్రం నాన్న ఆ రోజు మాట ఎవరితో వాడావని అడిగితే, ఈ సంగతి మాత్రం దాచి వేరే ఏదో చెప్పాను.

మూడు వారాలకు నోటీసు వచ్చింది. తెచ్చిన మనిషి ఆమె చేతికిచ్చి పోయాడు. ఇంగ్లీషు నోటీసు, పైగా ముద్ర వేసి ఉంది. నా చేతికిచ్చే ధైర్యం లేకనేమో, ఆమె దాన్ని పట్టుకుని నాన్న దగ్గరికే వచ్చింది. నాన్న గుమ్మంలో నిలబడి చదివాడు. మొహం మారిపోయింది.

"ఆరోగ్యానికి హాని చేసే వ్యాపారం ఇళ్ల మధ్య నడుస్తోందని మాకు అందిన సమాచారం మేరకు, అంటున్నారమ్మా. వచ్చే నెల విచారణకు రావాలట. సరైన జవాబు ఇవ్వకపోతే గిర్నీ మూసెయ్యమంటారట."

అందులో నాక్షస్ అన్న మాట లేదు. సిగరెట్ పెట్టెమీద ఉండే మాట, ఇంజూరియస్, ఉంది. అది నాన్నకు బాగా తెలుసు. అందుకని ఆయనకూ ఏమీ తట్టలేదు, నాకూ తట్టలేదు. అందరికీ పట్టుకున్నది ఇంకో ముక్క. అందిన సమాచారం. అంటే ఎవరో అందించారు.

"ఎవడో పుల్ల వెట్టిండు" అంది పెద్దమ్మ. నాన్న మొహంలోకి సూటిగా చూసింది. "ఇంగ్లీష్ల రాసేటోళ్లు ఈ గల్లీల ఎంతమంది ఉన్నరు సారూ?"

నాన్న ఎదురింటివైపు చూశాడు. అక్కడ మిలిటరీలో పనిచేసి రిటైరైన హవల్దారు ఉండేవాడు. కారం పట్టే వేళకు కిటికీలు దడాల్న మూసుకునేవాడు. సైనిక్‌పురిలో స్థలం కొనుక్కున్నాడని, ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఎవరితోనూ కలవడని వీధిలో చెప్పుకునేవారు. నాన్న అనుమానం ఆయన మీదికి పోయింది. ఆయన ఏ కవరు పట్టుకుని బయటికొచ్చినా అందరం తొంగిచూసేవాళ్లం. తర్వాత తెలిసింది, ఆయన అనుమానం మా నాన్న మీదేనట.

ఆ రోజుల్లో మా వీధి ఎంత చెడిపోయిందో చెప్పలేను. పంపు దగ్గర ఆడవాళ్లు మాట్లాడుకుంటూ ఎవరైనా వస్తే ఆపేసేవాళ్లు. దగ్గు వచ్చినవాళ్లు దగ్గడానికి భయపడేవాళ్లు, దగ్గితే గిర్నీ గిట్టనివాళ్లలో జమకట్టేస్తారని. చివరికి ఒకరోజు అన్నం పెడుతూ అమ్మ కూడా అడిగేసింది. "నిజం చెప్పండి. మీరేమైనా రాశారా?"

నాన్న కంచంలో చెయ్యి ఆపాడు. "నువ్వు కూడానా?" అన్నాడు. ఆ పూట అన్నం సగంలో వదిలేసి లేచాడు. నేను అమ్మ పక్షమే. నాన్నే రాసి ఉంటాడని నాకు గట్టి అనుమానం. వీధిలో అంత ఇంగ్లీషు ఇంకెవరికి వచ్చు? ఇంగ్లీషు రావడం అంత గొప్పని ఆయనే కదా నాకు నూరిపోశాడు.

అప్పుడు నేను చెయ్యకూడని పని చేశాను. నాన్న స్నానానికి వెళ్లినప్పుడు ఆయన చొక్కా జేబు వెతికాను. నాలుగు మడతలు పెట్టిన కాయితం దొరికింది. 'గౌరవనీయులైన అయ్యా, మా వీధిలోని కారం మిల్లు విషయమై' అని ఇంగ్లీషులో మొదలైంది. అడుగుల చప్పుడు వినిపించి అంతకంటే చదవలేదు. మడిచి ఉన్నచోటే పెట్టి, తిన్నగా గిర్నీకి పరుగెత్తాను.

"నాన్న గిర్నీ గురించి ఏదో రాస్తున్నాడు పెద్దమ్మా. నేను చూశాను."

ఆమె చేతులకంటిన కారం కొంగుతో తుడుచుకుంది. తర్వాత నా తల నిమిరి, "నువ్వొక్కదానివే నాకు నిజం జెప్పినవ్ బిడ్డ" అంది. ఆ చెయ్యి నెత్తిమీద ఉన్నంతసేపూ నాకు ఎంత హాయిగా ఉందో, ఇప్పుడు తలుచుకుంటే అంత సిగ్గుగా ఉంటుంది.

ఆ సాయంత్రమే అమ్మ పంపిన మిరపకాయల డబ్బా పట్టకుండానే తిరిగొచ్చింది. పెద్దమ్మే తెచ్చి గుమ్మం బయట పెట్టింది. "మీ మిరపకాయలు మీ దగ్గర్నే ఉండనియ్ వదినె. మీ ఇంటాయనకు మా ఘాటు పడది గద" అంది. వీధిలో వినబడేలా అంది. ఆ యేడు మా ఇంట్లో ఆవకాయ పెట్టలేదు. ఇంకో గిర్నీకి తీసుకెళ్దామన్నా అమ్మ ఒప్పుకోలేదు. ఇంగ్లీషు కాయితాలతో మా గుమ్మంలోకి రావడం కూడా అందరూ మానేశారు. నాన్న పలక మీద మాట రాయడం మాత్రం మానలేదు. నేను వాటిని ఎవరితో వాడానని అడగడం మానేశాడు.

విచారణ రోజు పెద్దమ్మ అమ్మ దగ్గరికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "పిల్లను నా వెంబడి తోలు వదినె. ఆడ ఏం జదివినా నాకు జెప్పాలె. అది అబద్ధమాడది" అంది. అమ్మ నాన్నవైపు చూసింది. నాన్న పంపమన్నాడు. మేం బస్సు ఎక్కాం. దిగి విచారణ జరిగే ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చునేసరికి నాన్న సైకిల్ మీద చెమటలు కక్కుతూ వచ్చాడు. ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చాడు. ఆయన్ని చూసి పెద్దమ్మ మొహం తిప్పుకుంది. "మీరెందుకొచ్చిండ్రు? మూసిందాక చూసి పోదామనా?" అంది.

నాన్న జేబులోంచి ఆ మడత కాయితం తీశాడు. "మీ తరఫున విన్నపం రాశానమ్మా. నెల రోజులనుంచి దిద్దుతున్నాను. భర్త లేని మనిషి, ఇదొక్కటే ఆధారం, మాకెవరికీ అభ్యంతరం లేదు అని రాశాను. ముందే ఇద్దామంటే మీరు నన్ను గుమ్మం తొక్కనివ్వలేదు."

పెద్దమ్మ నావైపు చూసింది. నేను చూపు దించుకున్నాను. అంతలో లోపలికి పిలిచారు.

బల్ల వెనక ఒక పెద్దాయన ఫైలు ముందు పెట్టుకుని ఉన్నాడు. మర్యాదస్తుడు. ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"మొదాలు నా మీద ఫిర్యాదు ఇచ్చినోళ్ల పేరు చెప్పుండ్రి సారూ. నాకు గది తెలవాలె."

"ఫిర్యాదు ఎవరూ ఇవ్వలేదమ్మా."

"మరి సమాచారం అందిందంటిరి?"

"అందింది. మీ ఫారంలోంచే" అని ఆయన ఫైలు మావైపు తిప్పాడు.

"చూశారా అమ్మా! నేను కాదు! నేను కాదు!" అన్నాడు నాన్న. నెల రోజులు మింగిన అవమానమంతా ఆ రెండు ముక్కల్లో ఉంది. ఆయన గొంతు అంత సంతోషంగా వినపడగా నేనెప్పుడూ ఎరగను. తర్వాత ఆయన చూపు కాయితం మీద పడింది. ఊదారంగు సిరా. ఆయన దగ్గరుండి దిద్దించిన నా గుండ్రటి అక్షరాలు. ఆ సంతోషం అక్కడికక్కడే ఆగిపోయింది.

పెద్దాయన అడుగున ఉన్న గడి మీద పెన్సిల్ పెట్టి చూపించాడు. "ఇదిగో, ఈ వ్యాపారం మనుషులకు చెరుపు చేసేదేనా అని మేమడిగాం. అవును, చాలా చెరుపు చేస్తుంది అని మీరే రాసిచ్చారు. మేమేం చెయ్యాలమ్మా?"

"చెరుపా?" అన్నాడు నాన్న. "కాదండీ, నాక్షస్ అంటే ఘాటు కదండీ."

పెద్దాయన నవ్వలేదు. అలమరలోంచి లావుపాటి డిక్షనరీ తీసి, పేజీ వెతికి, నాన్న ముందు పెట్టాడు. నాన్న చూపుడువేలు పెట్టి చదివాడు. నాలుగు లైన్లు. చదవడం అయిపోయాక కూడా వేలు తియ్యలేదు. ఆయన చదువుతున్నది గిర్నీ గురించి కాదని నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు. ముక్కు మీద చెయ్యి, గదిలో అందరి నవ్వు, తనూ నవ్వడం, సీసా నిండా పొడి పట్టుకెళ్లి ఇవ్వడం, అన్నీ ఆ నాలుగు లైన్లలో ఆయనకు కనపడి ఉంటాయి.

"ఈ ఫారం ఎవరు నింపారు?" అని పెద్దాయన అడిగాడు.

పెద్దమ్మకు చదువు రాదు గాని రంగు తెలుసు. ఆ సిరా రంగు చూసింది, నన్ను చూసింది. "దారిన వొయ్యే పిల్లతోని రాయించిన సారూ. చెప్పింది నేనే. పిల్లదేం లేదు" అంది.

నాన్న తన విన్నపం బల్లమీద పరిచి, నిలబడే, దాని అడుగున ఒక లైను రాశాడు. ఆ మాటకు తప్పు అర్థం నేర్పినవాణ్ని నేనే అని. వీధి మొత్తానికి ఇంగ్లీషు చదివిపెట్టిన మనిషి ఆ లైను రాసి సంతకం పెట్టడం నేను దగ్గరుండి చూశాను.

అంతటితో సరిపోయేదేమో. పెద్దమ్మకు మనసు ఆగలేదు. కొంగులోంచి కారం పొట్లం తీసింది. "విషమైతే నేను తింటనా సారూ? చూడుండ్రి!" అని విప్పి, చిటికెడు నాలుకమీద వేసుకుంది. పైన ఫ్యాను జోరుగా తిరుగుతోంది. ఒక్క క్షణంలో గదంతా ఎర్రటి పొడి లేచింది. పెద్దాయన తుమ్మాడు, పక్క బల్లవాళ్లు తుమ్మారు, నాన్న గోడ పట్టుకుని ఆగకుండా దగ్గాడు. ఆమె ఒక్కతే తుమ్మకుండా, చేతిలో ఖాళీ పొట్లంతో నిలబడి ఉంది. పెద్దాయన కళ్లు తుడుచుకుని, విన్నపం రెండోసారి చదివి, మెల్లగా చెప్పాడు. పొరపాటు పొరపాటే, జరిమానా ఏమీ వెయ్యను, కాని ఇదంతా కళ్లారా చూసిన తర్వాత ఇళ్ల మధ్య ఉండనివ్వలేను, వానలు వెళ్లేదాకా గడువు తీసుకోండి అని.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె నా పక్కనే కూర్చుంది. ఎలా చెప్పాలి, ఏం చెప్పాలి అని బొల్లారం వచ్చేదాకా నేను లోపల్లోపల మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ బయటికి రాలేదు.

వానలు వెళ్లాక మోటారు, గరాటు ట్రాలీరిక్షాలో ఎక్కించారు. మల్కాజ్‌గిరిలో చెల్లెలి ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది, అక్కడ పెట్టుకుంటానంది. అక్కడ కారం పట్టించుకునేవాళ్లు ఉంటారో లేదో తెలియదు. బయలుదేరే ముందు మా గుమ్మంలోకి వచ్చి నాన్నతో, "మిమ్ముల అనుమానించిన సారూ. తప్పయింది" అంది. నాన్న తల ఎత్తలేకపోయాడు. అమ్మ కళ్లు తుడుచుకుంది. నేను తలుపు చాటున ఉన్నాను. నన్ను ఆమె పిలవలేదు.

నాన్న ఆ తర్వాత ఆఫీసుకు పెరుగన్నం తప్ప ఏదీ పట్టుకెళ్లలేదు. ఎందుకని అమ్మ అడగలేదు. చాలా రోజుల తర్వాత ఒక ఆదివారం, చర్చి నుంచి నడిచి వస్తూ, ఉన్నట్టుండి అంది. "అయితే ఆ సీసా ఏం చేసుంటాడంటారు?" ఆ నెల జీతం రాగానే కొత్త డిక్షనరీ కొన్నాడు. పలక మాత్రం మేకుకు అలాగే వేలాడుతూ ఉండేది, ఖాళీగా.

నేను ఎం.ఏ. చదివే రోజుల్లో ఒకసారి ధైర్యం చేసి, రెండు కిలోల మిరపకాయల డబ్బా పట్టుకుని రైల్లో మల్కాజ్‌గిరి వెళ్లాను. అడుగుతూ వెళ్తే షెడ్డు దొరికింది. ఆమె జుట్టు పూర్తిగా నెరిసింది. ముక్కుకు అదే పాత చీర ముక్క. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"పెద్దగైనవు బిడ్డ. ఏం జదువుతున్నవ్?"

"ఇంగ్లీషు ఎం.ఏ., పెద్దమ్మా."

"మంచిది" అంది. నవ్వింది కూడా. చెప్పాల్సినవన్నీ రైల్లో వరసగా అనుకుంటూ వచ్చాను. ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తుంటే తూకంరాయి కింద ఒక కాయితం కనపడింది. ఇంగ్లీషు కాయితం, పైన ముద్ర ఉంది.

"ఏంటి పెద్దమ్మా అది?"

"ఏమో. నిన్న ఇచ్చి పోయిండ్రు. మందుల దుకాణమాయనతోని సదివిస్త. ఆయన సదివినంక ఇంకొకాయనతోని సుత సదివిస్త."

నేను చెయ్యి చాపాను. "ఇలా ఇవ్వు, నేను చదువుతాను. ఇప్పుడు నాకు ఇంగ్లీషు వస్తుంది పెద్దమ్మా."

ఆమె కాయితం తీసింది. నా చేతిమీద పెట్టలేదు. మడిచి రొండిన దోపుకుంది. కోపం లేకుండా, చిన్నపిల్లకు చెప్పినట్టు అంది.

"గప్పుడు సుత వస్తదనే అన్నవ్ బిడ్డ."

తర్వాత నా డబ్బా అందుకుని, ఒక మిరపకాయ విరిచి చూసి, గరాటులో పోసి మోటారు వేసింది.